గొర్లు దిగే చోటు

నంద్యాలకూ ఆళ్లగడ్డకూ నడుమ, కుందూ వాలులో ఒక ఊరు. ఆ ఊరి నల్లరేగడికి నీళ్లు తెచ్చేది కేసీ (కర్నూలు–కడప) కాలువ నుంచి చీలిన ఒక పిల్లకాలువ. ఎప్పటిదో మట్టి కాలువ. గట్లు కోసుకుపోయి, తుంగ పెరిగి, తూముల దగ్గర రాళ్లు కదిలిపోయి, పైన వదిలిన నీళ్లు దారిలోనే ఇంకిపోయేవి. వరి పొట్టకొచ్చే వేళకు చివరి ఆయకట్టు రైతులు ఏటా నీళ్ల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగేవారు.

ఒక ఏడాది ఆ కాలువకు సిమెంటు లైనింగు మంజూరైంది. పని చూసుకోవడానికి ఒక కుర్ర ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) వచ్చాడు. మంచివాడు. ఊరివాళ్లతో మాట్లాడకుండా పార వేయకూడదన్న పట్టుదల ఉన్నవాడు. ఎవరెవరితో మాట్లాడాలో డైరీలో రాసుకున్నాడు: సర్పంచి, నీటి సంఘం అధ్యక్షుడు, తహసీల్దారు, కాంట్రాక్టరు, పట్టాదారు పాసుపుస్తకం ఉన్న ఆయకట్టు రైతులు. వాళ్లందరినీ ఒకరోజు పొద్దున పదకొండు గంటలకు బడికి పిలిపించాడు. మ్యాపు గోడకు తగిలించి, ఎక్కడ ఎంత మందం వేస్తారో, ఎన్ని తూములు మారుస్తారో ఓపిగ్గా చెప్పాడు. అడిగినవాటికి జవాబులిచ్చాడు. అందరూ సంతకాలు పెట్టారు. కాలువకు నీళ్లు కట్టేశాక వేసవిలో పని మొదలైంది.

మూడు వారాలు బాగానే నడిచింది. ఒక తెల్లవారుజామున మేస్త్రీ ఫోన్ చేశాడు. రాత్రి ఎవరో గడ్డపారతో లైనింగు పగలగొట్టారట. కాంట్రాక్టరు తిట్టుకుంటూ పూడ్పించాడు. వారం తిరిగేసరికి మళ్లీ అదే చోట పగిలింది. ఈసారి ఊళ్లో గుసగుసలు బయల్దేరాయి. పై ఆయకట్టువాళ్లని కొందరు, కింది ఆయకట్టువాళ్లని కొందరు. ఈ సీమలో ఏది విరిగినా ముందు నోటికొచ్చేది పార్టీ పేరే కాబట్టి ఆ పార్టీ అనీ ఈ పార్టీ అనీ కూడా అన్నారు. రెండు రాత్రులు పోలీసు కాపలా పెట్టారు. ఏమీ కాలేదు. కాపలా తీసేసిన మర్నాడు మళ్లీ పగిలింది.

ఏఈ ఒక్కడే కాలువ మీదికి వచ్చాడు. గట్టున లష్కరు కనబడ్డాడు. షట్టరు తిప్పే ఇనుప పిడి భుజాన వేసుకుని, చేతికర్ర పట్టుకుని ముప్పై ఏళ్లుగా ఆ గట్టు మీద తిరుగుతున్న మనిషి.

“కొట్టింది ఎవరో నీకు తెలుసా పెద్దాయనా?”

“పేరు చెప్పను సారూ. చోటు చూపిస్తా. చూసినాక మీకే తెలుస్తాది.”

ఇద్దరూ నడిచారు. పగిలిన చోటు చూసి ఏఈ చాలాసేపు నిలబడిపోయాడు. గట్టు అంచు నుంచి కాలువ అడుగుదాకా ఆరడుగుల వెడల్పున సిమెంటు లేచిపోయి ఉంది. పక్కన ఒక్క బీట కూడా లేదు. లేచిన పెచ్చులన్నీ ఒక వైపు కుప్పగా పేర్చి ఉన్నాయి. కింద బయటపడ్డ మట్టిలో జానెడు జానెడు దూరాన గాడులు తీసి ఉన్నాయి. పగిలిన అంచుకు నల్లటి ఉన్ని పోచ ఒకటి చిక్కుకుని ఉంది. కాలువకు అవతలి గట్టున, సరిగ్గా ఎదురుగా, అంతే వెడల్పున మరొక దారి.

“కోపంతో కొట్టినోడు ఇంత పద్ధతిగా కొట్టడు సారూ,” అన్నాడు లష్కరు. “ఇది దారి. గొర్లు దిగే చోటు. కాలువ పుట్టినప్పటి నుంచి ఈడనే దిగి ఆ పక్కకు పోతాండాయి.”

“మరి మీటింగులో నువ్వు ఉన్నావు కదా! ఒక్క మాట చెప్పలేదేం?”

“కుర్చీలు ఏసింది నేనే సారూ. టీ పోసింది నేనే. అడిగింటే చెప్పేటోన్ని.”

ఏఈ ఏమీ అనలేకపోయాడు. లష్కరే మళ్లీ అన్నాడు: “ఇదొక్కటే కాదు. రేపు కోడికూతకు రాండి. పొద్దు గుంకేదాకా నా ఎనక తిరగండి. ఈ కాలువ ఎవురెవురిదో చూపిస్తా.”

మర్నాడు చీకటితోనే బయల్దేరారు. మొదట కాలువకు ఇరవై అడుగుల దూరంలో ఉన్న ఊట బావి. కాలనీ ఆడవాళ్లు బిందెలతో వరుసలో ఉన్నారు. ఒకామె చేదుతున్న తాడును ఏఈ చూశాడు. పాత కొబ్బరి తాడు చివర కొత్త పసుపుపచ్చ నైలాన్ ముక్క ముడివేసి ఉంది.

“ఈ ముక్క ఎప్పుడు కలిపారమ్మా?”

“మీ సిమెంటు ఈడికి వచ్చినాకే నాయనా. రెండు బారలు దిగినాయి నీళ్లు. కాలువ ఊటే గదా మా బావికి. అంతా సిమెంటు చేసినారంటే అడుగుకు పోతాయి.”

వేసవి కాబట్టి నీళ్లు ఎప్పుడూ తగ్గేవేనని ఏఈ అనబోయాడు. ఆమె చేతిలోని ముడిని చూసి ఊరుకున్నాడు. వేసవి ఏటా వచ్చేదే. తాడు మాత్రం ఈ ఏడే చాలలేదు.

పొద్దెక్కాక చాకిరేవు చూశారు. బట్టలు ఉతికే బండలను పని సాగడం కోసమని జేసీబీతో పక్కకు నెట్టేశారు. ఎవరూ వద్దనలేదు. ఎవరినీ అడగనూ లేదు. మధ్యాహ్నం గొర్రెల కాపరి మందతో వచ్చాడు. ఏఈని చూసి పారిపోలేదు. తలగుడ్డ తీసి చంకలో పెట్టుకున్నాడు.

“నేనే కొట్టినా సారూ. చూడి గొర్రె ఒకటి నున్నటి సిమెంటు మీద జారి నడుం ఇరిగింది. పిల్లల్ని ఒక్కొక్కదాన్నీ ఎత్తుకొని దాటించినా. రోజూ ఎట్ల ఎత్తేది? పగటిపూట అడుగుదామంటే మేస్త్రీ తరిమినాడు.”

“మీటింగు పెట్టినట్టు నీకు తెలీదా?”

“మాది ఈ ఊరు కాదు సారూ. కోతలైనాక వస్తాం. మీ మీటింగుకు వచ్చిన రైతులందరి చేన్లలోనూ నా మంద పండుకుంది. ఎరువు కావల్లని వాళ్లే పిలిచి మంద కట్టించుకుంటారు, అన్నం పెడ్తారు, గింజలు కొలుస్తారు. ఆ పొద్దు ఒక్కరికీ నేను యాదికి రాలే.”

ఆ మాటలో నిష్ఠూరం లేదు. జరిగింది చెప్పాడు, అంతే.

సాయంత్రం కాలువ చివరికి వెళ్లారు. అక్కడ నువ్వుల చేను మధ్య నుంచి ట్రాక్టరు చక్రాల గాడులు రెండు వరుసలుగా పోయి ఉన్నాయి. ఒకామె విరిగిన మొక్కలు ఏరుతోంది. భూమి ఆమెది కాదు. నంద్యాలలో కాపురముంటున్న ఒక ఆసామి దగ్గర నోటి మాట మీద కౌలుకు తీసుకుంది. కంకర తోలడానికి దారి కావాలని కాంట్రాక్టరు అడిగితే, చేను ఖాళీగానే ఉందనుకుని ఆసామి ఫోన్లోనే సరేనన్నాడు. “పాసుబుక్కు ఉన్నోళ్లనే పిల్చినారంట గదా నాయనా,” అంది ఆమె. “నా కాడ పాసుబుక్కు యాడిది?”

చీకటి పడ్డాక ఏఈ డైరీ తీశాడు. తాను ముందు రాసుకున్న జాబితా అబద్ధం కాదు. అందులో ఉన్న ప్రతి ఒక్కరికీ ఆ కాలువతో పని ఉంది. కానీ ఆ ఒక్క రోజులో చూసినవాళ్లలో ఒక్కరి పేరూ అందులో లేదు.

నాలుగు రోజుల తర్వాత రెండో మీటింగు జరిగింది. ఈసారి బడిలో కాదు, గట్టు మీద. పదకొండింటికి కాదు, పొద్దు గూకే వేళ, కూలి పనుల నుంచి అందరూ తిరిగొచ్చాక. అది సాఫీగా జరిగిందని చెప్పను. చివరి ఆయకట్టు రైతులు లేచి నిలబడ్డారు. “బావి కోసమని మట్టి వదిలితే మా కాడికి నీళ్లు ఎట్ల వస్తాయి? ఇన్నేండ్లూ ఎండింది మా పైర్లు గదా!” అన్నారు. వాళ్లదీ న్యాయమే. కాలనీ ఆడవాళ్లు, “మీ పైరుకు నీళ్లు కావల్ల, మాకు తాగను వద్దా?” అన్నారు. గొంతులు లేచాయి. కాంట్రాక్టరు, అంచనాలో లేని పని నేను చేయనన్నాడు.

అప్పుడు లష్కరు, మొదటిసారి ఎవరూ ఆపకుండా, మాట్లాడాడు. బావి దగ్గర నేల గట్టిది, అక్కడ ఊరేది బావికి సరిపడేంతే. నీళ్లు నిజంగా పోయేది పైన, మూడో తూముకూ నాలుగో తూముకూ నడుమ గరుసు నేలలో. అక్కడ లైనింగు మందం పెంచితే, బావి దగ్గర కొద్ది గజాలు మట్టిగా వదిలినా చివరికి నీళ్లు చేరతాయి. ఆ సంగతి ఏ మ్యాపులోనూ లేదు. ముప్పై ఏళ్లు రాత్రిళ్లు టార్చిలైటు వేసుకుని ఆ గట్టు మీద నడిచిన కాళ్లకు తెలుసు.

ఏఈ కొలతలు వేసి చూశాడు. లష్కరు మాట నిజమే. మార్పులకు అనుమతి కోసం పైకి రాశాడు. రెండు చోట్ల గొర్రెలూ పశువులూ దిగడానికి గరుకు సిమెంటుతో వాలు ర్యాంపులు, రేవు దగ్గర మెట్లు, బావి దగ్గర మట్టి గట్టు. ర్యాంపులకైన ఖర్చు, మూడుసార్లు పగిలిన చోట పూడ్చిన ఖర్చుకంటే తక్కువే తేలింది. అనుమతి రావడానికి ఆలస్యమైంది. ఆ ఏడు నీళ్లు పదిహేను రోజులు వెనకబడ్డాయి. కౌలు రైతుకు నువ్వుల నష్టం ఆసామి ఇవ్వాలా, కాంట్రాక్టరు ఇవ్వాలా అని ఇద్దరూ లాగి లాగి, చివరికి సగమే చేతికొచ్చింది. బావి నీళ్లు మునుపటంత పైకి రాలేదు. పసుపుపచ్చ ముక్క తాడుకు అట్లాగే ఉండిపోయింది. కానీ చివరి ఆయకట్టుకు నీళ్లు పారాయి, కాలువ మళ్లీ పగల్లేదు.

కథ ఇంతే.

నీతి

ఒక పనికి సంబంధించినవాళ్లను వెతికేటప్పుడు మనం కాగితాల్లో వెతుకుతాం. కాగితాల్లో దొరికేది యజమానులూ అధికారులూ. ఆ చోటును రోజూ వాడుకునేవాళ్లు నేల మీద దొరుకుతారు, అదీ వాళ్లు వచ్చే వేళకు, వాళ్లు వచ్చే కాలానికి మనం అక్కడ ఉంటేనే. అందుకే పని మొదలుపెట్టేవాడు ముందుగా అడగవలసింది “ఇది ఎవరిది?” అని కాదు, “ఇక్కడికి ఎవరు, ఎప్పుడు, ఎందుకు వస్తారు?” అని. అడగకుండా వదిలేసినవాళ్లు చివరిదాకా మౌనంగా ఉండరు. వాళ్ల మాట ఆలస్యంగా, మనకు అర్థం కాని రూపంలో వినబడుతుంది. గడ్డపార దెబ్బగానో, ఎవరూ వాడని కట్టడంగానో, దశాబ్దాలు తెగని అర్జీగానో.

కథలోని పిల్లకాలువ కల్పితం. దాని తల్లికాలువ మాత్రం నిజం, దాని పుట్టుకలోనే ఈ పొరపాటు ఉంది. 1858లో లండన్‌లో మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ ఏర్పడింది. పది లక్షల పౌండ్ల పెట్టుబడి మీద 5 శాతం వడ్డీకి ప్రభుత్వమే హామీ ఇచ్చింది. తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర ఆనకట్ట కట్టి, అక్కడి నుంచి కర్నూలు, నంద్యాల సీమల మీదుగా కడప దాకా 300 కిలోమీటర్లకు పైగా కాలువ తవ్వారు. సేద్యానికీ పడవల రాకపోకలకూ కలిపి వేసిన పథకం అది. వాటాదారుల లాభం లెక్కలో ఉంది, ప్రభుత్వ హామీ లెక్కలో ఉంది, పడవల సరుకు లెక్కలో ఉంది. 1870ల మొదట్లో కాలువ సిద్ధమైంది. నీళ్లు తీసుకునే రైతులు మాత్రం అనుకున్నంతమంది రాలేదు.

రైతుకు బుద్ధి లేక కాదు. నల్లరేగడి వాన తేమను వారాల తరబడి పట్టి ఉంచే నేల. జొన్న, కొర్ర, పత్తి దాని మీద వానాధారంగానే పండుతున్నాయి. నీళ్లు పెట్టి వరికి మారాలంటే నేల చదును చేయాలి, మడులు కట్టాలి, ఎద్దులు కావాలి, కూలీలు కావాలి, పైగా నీటి తీరువా కట్టాలి. మంచి వానలున్న ఏడు ఆ ఖర్చంతా వృథా. 1876–78 నాటి మహా కరువులో అదే రైతులు కాలువ నీళ్లకు వచ్చారు. అంటే వాళ్లకు నీళ్లు అక్కర్లేక కాదు. ఎప్పుడు, ఎంత, ఏ షరతు మీద కావాలన్నది వాళ్ల లెక్క వేరు. ఆ లెక్క అడగడానికి ఎవరూ వాళ్ల చేలగట్లకు వెళ్లలేదు. కంపెనీ నిలదొక్కుకోలేక, 1882లో ప్రభుత్వమే కాలువను కొనేసుకుంది. ఇవాళ రెండున్నర లక్షల ఎకరాలకు పైగా ఆయకట్టు ఉన్న కాలువ అది, సీమకు ప్రాణం. అది ప్రాణమైంది రైతు తన సేద్యాన్ని దానికి తగ్గట్టు, దాన్ని తన సేద్యానికి తగ్గట్టు మెల్లగా మలుచుకున్నాకే.

శ్రీశైలం సంగతి ఇంతకంటే బరువైంది. అది ఇప్పుడు నంద్యాల జిల్లాలోనే ఉంది. 1963లో పునాది రాయి పడ్డ ఆ ప్రాజెక్టు కింద కృష్ణకు రెండు వైపులా నూరుకు పైగా ఊళ్లు మునిగాయి. అప్పటి భూసేకరణ చట్టం 1894 నాటిది. దానికి కనబడేది భూమి, ఇల్లు, వాటి యజమాని. ఆ భూమిలో కూలి చేసి బతికినవాళ్లు, ఆ ఊరి కుమ్మరి, ఆ ఊరి మంగలి, ఏట్లో వల వేసినవాళ్లు చట్టానికి కనబడలేదు. ఊరు పోతే వాళ్లకు పోయేది పట్టా కాదు, అడిగేవాళ్లు. కుండ కొనే ఇల్లు, గడ్డం గీయించుకునే మనిషి, పనికి పిలిచే ఆసామి. ఆ నష్టానికి ఏ ఫారంలోనూ గడి లేదు. 1981లో పోలీసులను పెట్టి ఇళ్లు కూల్చి ఖాళీ చేయించారు. 1986లో జీవో 98 వచ్చింది, నిర్వాసిత కుటుంబాలవాళ్లకు ఉద్యోగాలిస్తామని. ఆ జీవో కింద ఉద్యోగం కోసం వాళ్ల పిల్లలు దశాబ్దాల తర్వాత కూడా దరఖాస్తులు పట్టుకుని తిరిగారు.

2014 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త భూసేకరణ, పునరావాస చట్టం ఈ గుడ్డితనాన్ని కొంత పోగొట్టింది. మూడేళ్లుగా ఆ భూమి మీద బతుకుతున్న వ్యవసాయ కూలీలు, కౌలుదార్లు, వృత్తిపనివాళ్లు, అడవి మీదా నీటి మీదా బతికే చేపలవాళ్లు, పడవలవాళ్లు కూడా ప్రభావిత కుటుంబాలేనని అది చెప్పింది. పని మొదలుకాక ముందే సామాజిక ప్రభావ అధ్యయనం, బహిరంగ విచారణ జరపాలంది. ఎవరెవరిని వెతకాలో చట్టమే జాబితా ఇచ్చిందన్నమాట. ఆ అధ్యయనం కాలయాపన అని భావించి మన రాష్ట్రం 2018లో సవరణ తెచ్చి, కొన్ని రకాల పనులకు దాన్నుంచి మినహాయింపుకు దారి వేసింది. ఇది తప్పుడు పొదుపని నా నమ్మకం. అధ్యయనానికి పట్టే నెలలు మిగులుతాయి, తర్వాత కోర్టుల్లో పోయే ఏళ్లు లెక్కకు రావు.

నీటి సంఘాలదీ ఇదే కథ. 1997 చట్టం వాటిని ఎన్నికలతో ఏర్పడే సంఘాలుగా చేసింది, అది పెద్ద అడుగు. అయితే అందులో చోటు భూమి హక్కును పట్టుకుని వస్తుంది. కౌలుదారుకు రికార్డులో పేరుండాలి. మన దగ్గర కౌలు చాలావరకు నోటి మాట. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కార్డు తీసుకోవాలన్నా యజమాని ఒప్పుకోవాలి. కార్డు ఇస్తే భూమికే ఎసరు వస్తుందేమోనని యజమాని భయం. ఆ భయం వల్ల, నీళ్లు మడికి కట్టే చేయి ఒకటైతే, నీళ్ల మీటింగులో లేచే చేయి మరొకటవుతుంది.

మేనేజ్‌మెంట్ చదువు ఈ విషయాన్ని ఆలస్యంగానే పట్టుకుంది. ఎడ్వర్డ్ ఫ్రీమన్ తన పుస్తకంలో స్టేక్‌హోల్డర్ (పనితో సంబంధం ఉన్న మనిషి) అన్న ఆలోచనను వ్యూహానికి కేంద్రంగా పెట్టింది 1984లో. ప్రపంచమంతా ప్రాజెక్టు మేనేజర్లు చదివే పీఎంబాక్ గైడు ఆ విషయానికి విడిగా ఒక అధ్యాయం ఇచ్చింది 2013లో వచ్చిన అయిదో కూర్పులోనే. ఈ చదువులో నాకు బాగా పనికొచ్చేదిగా తోచింది 1997లో మిచెల్, ఏగల్, వుడ్ అనే ముగ్గురు రాసిన వ్యాసం. ఒక మనిషిని మనం పట్టించుకోవడానికి మూడు కారణాలుంటాయన్నారు వాళ్లు: అతని చేతిలో బలం ఉండటం, అతని మాటలో న్యాయం ఉండటం, అతనికి తొందర ఉండటం. కథలో కాపరికి న్యాయం ఉంది, తొందర ఉంది. బలం లేదు. ఇలాంటివాళ్లు ఎవరో ఒక బలవంతుడి అండ దొరికేదాకా కనబడరు. లేదంటే గడ్డపారే వాళ్ల బలమవుతుంది.

ప్రాజెక్టు ఆఫీసుల్లో వాడే గడుల చిత్రం ఒకటుంది. బలం ఒక వైపు, ఆసక్తి ఒక వైపు గీసి, మనుషుల్ని నాలుగు గడుల్లో సర్దుతారు. ఆ రెండూ తక్కువున్నవాళ్లు ఒక మూల గడిలో పడతారు, వాళ్ల మీద ఓ కన్నేసి ఉంచితే చాలంటారు. ఆ చిత్రంతో నా పేచీ ఒకటే. దాన్ని ఒకసారి గీసి గోడకు అంటిస్తారు. వానాకాలంలో గీస్తే కాపరి అందులో ఉండనే ఉండడు, మందతో ఎక్కడో ఉంటాడు. మాఘంలో గీస్తే అతని తొందరే అందరికంటే ఎక్కువ. పల్లె పనుల్లో మనుషుల అక్కర ఋతువును బట్టి మారుతుంది. పనికి ముందు ఒక ఏడాదిలోని వేర్వేరు కాలాల్లో కనీసం రెండు మూడుసార్లు ఆ చిత్రం మళ్లీ గీయనివాడికి సగం ఊరు కనబడదు.

బయటి పుస్తకాల దాకా పోనక్కర్లేని ఒక పద్ధతి ఆళ్లగడ్డకు పక్కనే ఉంది. అహోబిలం నరసింహస్వామి బ్రహ్మోత్సవాలు ఫాల్గుణంలో. అందులో స్వామి కల్యాణం జరుగుతుంది. దానికి జనాన్ని పిలవడానికి స్వామి కనుమనాడే పల్లకీ ఎక్కుతాడు. జ్వాలా నరసింహుడూ ప్రహ్లాదవరదుడూ ఒకే పల్లకీలో బయల్దేరి, నలభై రోజులకు పైగా, ముప్పైకి పైగా ఊళ్లు తిరుగుతారు. పార్వేట అంటారు దాన్ని. చెంచులక్ష్మిని పెళ్లాడిన అల్లుడు కాబట్టి చెంచులకు ఆ పల్లకీతో ప్రత్యేకమైన చుట్టరికం ఉంది, వేడుకలో వాళ్ల చోటు వాళ్లది. బోయీలకు మోసే హక్కు ఉంది. ఊరి కొలువు ఊరికి ఉంది, ఏ రోజు ఏ ఊరో అందరికీ తెలుసు. పిలిచేవాడే నడిచి వెళ్తాడు. పిలవబడేవాళ్ల ఊళ్లో, వాళ్ల ఇళ్ల ముందు, వాళ్లకు వీలున్న రోజుల్లో కూర్చుంటాడు. పెళ్లికి ముందు వెళ్తాడు, తర్వాత కాదు. ఇన్ని ఊళ్లు ఇన్ని తరాలుగా ఆ ఉత్సవాన్ని తమదిగా మోస్తున్నాయంటే అందులో ఈ నడకకు పెద్ద పాలుందని నేను గట్టిగా నమ్ముతాను. ప్రజాభిప్రాయ సేకరణ పేరుతో మండలాఫీసులో పెట్టే మధ్యాహ్నపు సభకూ, ఊరూరా తిరిగే ఆ పల్లకీకీ ఉన్న తేడాను మన పథకాలు రాసేవాళ్లు ఒక్కసారి కూర్చుని ఆలోచించాలి.

పిలవడం ఒక ఎత్తు, విన్నాక ఏం చేస్తామన్నది ఇంకో ఎత్తు. డిజైను ఖాయమై, టెండరు ముగిసి, కాంక్రీటు గట్టిపడ్డాక ఎంత వినయంగా అడిగినా అది మాటవరసకే అవుతుంది. జనం ఆ సంగతి ఇట్టే కనిపెడతారు, రెండోసారి రారు. కథలో ఏఈ అదృష్టవంతుడు, ఇంకా కాలువలో చాలా భాగం మిగిలి ఉంది. అడిగిన ప్రతి ఒక్కరికీ కోరింది దొరకదు కూడా. బావి ఆడవాళ్లకు పూర్తిగా దొరకలేదు. దొరకనప్పుడు ఎందుకు దొరకలేదో వాళ్ల ముఖం చూసి, వాళ్ల గట్టు మీద నిలబడి చెప్పాలి. చివరి ఆయకట్టు రైతుకూ కాలనీ ఆడవాళ్లకూ అక్కర్లు నిజంగానే ఎదురుబొదురు. వాటిని దాచి అందరూ ఒప్పుకున్నారని మినిట్సులో రాసుకుంటే, ఆ తగువు పనిలోకి వచ్చి కూర్చుంటుంది.

ఇక్కడ లష్కరు గురించి ఒక్క మాట చెప్పకుండా ఉండలేను. లష్కర్లు, మేస్త్రీలు, లైన్‌మెన్, ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ టీచర్లు, పంచాయతీ పారిశుధ్య కార్మికులు, ఎవరెవరు ఎక్కడ ఏ వేళకు వస్తారో వీళ్లకు తెలిసినట్టు జిల్లా ఆఫీసుకు తెలియదు. పథకం అమలులో వీళ్లు చివరి మెట్టు. పథకం ఆలోచనలో మొదటి మెట్టుగా వీళ్లను కూర్చోబెడితే కనబడకుండా పోయే మనుషుల్లో సగంమంది తొలి రోజే కనబడతారు. దీనికి కొత్త శాఖ అక్కర్లేదు, కన్సల్టెంటూ అక్కర్లేదు. కావలసింది అంచనా పత్రంలో ఒక పద్దు. సిమెంటుకూ కంకరకూ ఉన్నట్టే, పనికి ముందు లష్కరుతో కలిసి తెల్లవారుజాము నుంచి రాత్రిదాకా, ఖరీఫ్‌లో ఒకసారి, కోతలైనాక ఒకసారి, వేసవిలో ఒకసారి గట్టు నడిచే రోజులకు కూలి లెక్కగట్టి రాయాలి. ఆ నడకలో తేలిన మార్పుల కోసం మొత్తంలో కొంత సొమ్ము విడిగా ఉంచాలి. ఆ పద్దు లేని అంచనాను పై అధికారి సంతకం పెట్టకుండా వెనక్కి పంపాలి.